నావిక్ ఎస్ బ్యాండ్‌కి చిన్న ప్యాచ్ యాంటెన్నా, పవర్ డివైడర్: లెక్క నుంచి కొలత దాకా

ప్యాచ్ యాంటెన్నా (బోర్డు మీద చదునైన రాగి ముక్కతో చేసే యాంటెన్నా) చేసిన విద్యార్థిని "ఎలా వచ్చింది?" అని అడిగితే వెంటనే ఎస్11 గ్రాఫు, అంటే పంపిన శక్తిలో ఎంత వెనక్కి వస్తోందో చెప్పే గీత, చూపిస్తారు. మధ్యలో లోతైన గుంట, మైనస్ 30 డీబీ. నేనూ చాలాకాలం అదే చూసి పని అయిపోయిందనుకున్నాను. కానీ ఒక 50 ఓమ్‌ల రెసిస్టర్‌ని కనెక్టర్‌కి సోల్డర్ చేసి కొలిచినా ఎస్11 అంత బాగానే వస్తుంది. ఆ రెసిస్టర్ ఆకాశం నుంచి ఒక్క సిగ్నల్ కూడా పట్టదు. యాంటెన్నాని చిన్నది చేసే ప్రతి ఉపాయమూ దాన్ని కొంచెం కొంచెంగా ఆ రెసిస్టర్ వైపు తోస్తుంది. ఎంత తోసిందో కొలుచుకుంటూ వెళ్లడమే ఈ పనిలో అసలు నేర్పు. కింద చెప్పేదంతా ఆ ఉద్దేశంతోనే.

ఏం చేయబోతున్నాం

ఏ ఫ్రీక్వెన్సీ అయినా పద్ధతి ఒకటే. అయినా ఒక నిజమైన లక్ష్యం ఉంటే అంకెలు అర్థవంతంగా ఉంటాయి. మన దేశపు ఉపగ్రహ నావిగేషన్ వ్యవస్థ నావిక్ తీసుకుందాం. దీని మొదటి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ 2013 జులై 1న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ22 మీద వెళ్లింది. నావిక్ ఎల్5లో 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గర, ఎస్ బ్యాండ్‌లో 2492.028 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పంపుతుంది. ఫోన్లలో నావిక్ అంటే ఎక్కువగా ఎల్5. మనం ఎస్ బ్యాండ్ తీసుకుంటున్నాం, ఎందుకంటే అక్కడ ప్యాచ్ అరచేతిలో ఇమిడిపోతుంది, బోర్డు ఖర్చు తక్కువ.

కాగితం మీద ముందు ఇవి రాసుకోండి: మధ్య ఫ్రీక్వెన్సీ 2.492 గిగాహెర్ట్జ్, కావలసిన బ్యాండ్ 2483.5 నుంచి 2500 మెగాహెర్ట్జ్ దాకా, అంటే 16.5 మెగాహెర్ట్జ్. పోలరైజేషన్ (తరంగంలో ఫీల్డు ఊగే తీరు) కుడి వృత్తాకారం, అంటే ఆర్‌హెచ్‌సీపీ. గాలిలో తరంగదైర్ఘ్యం 120.3 మి.మీ. ఒకే యాంటెన్నా సిగ్నల్‌ని రెండు రిసీవర్లకి పంచి, వాటిని పక్కపక్కన పోల్చాలి. డివైడర్ అందుకు.

బోర్డు: ఇక్కడే సగం ఫలితం తేలిపోతుంది

కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా దొరికేది ఎఫ్‌ఆర్4 (మామూలు ఫైబర్‌గ్లాస్ సర్క్యూట్ బోర్డు), 1.6 మి.మీ. మందం. దాని డైఎలక్ట్రిక్ కాన్‌స్టంట్ (బోర్డులో తరంగం ఎంత పొట్టిదవుతుందో చెప్పే అంకె) 4.4 అనుకుని లెక్క మొదలుపెడతాం, కానీ షీటుని బట్టి అది మారుతుంది. లాస్ టాంజెంట్ (బోర్డు ఎంత శక్తిని వేడిగా మింగుతుందో చెప్పే అంకె) సుమారు 0.02. రోజర్స్ 4003సీ లాంటి మైక్రోవేవ్ బోర్డుకి డిజైన్ విలువ 3.55, లాస్ టాంజెంట్ 0.0027. ధర చాలా ఎక్కువ.

ఆ 0.02 అంటే ఏమిటో విడమరిచి చూడాలి. 1.6 మి.మీ. ఎఫ్‌ఆర్4 మీద చదరపు ప్యాచ్‌కి, రేడియేషన్ వల్ల వచ్చే క్యూ ఫ్యాక్టర్ (నిలవున్న శక్తితో పోలిస్తే పోయే శక్తి ఎంత తక్కువో చెప్పే అంకె) ఈ ఫ్రీక్వెన్సీలో నా లెక్కన దాదాపు 80. బోర్డు నష్టం వల్ల వచ్చే క్యూ 50. రెండూ కలిస్తే మొత్తం క్యూ 30 దగ్గర తేలుతుంది. 80లో 30, అంటే ఎఫిషియెన్సీ 40 శాతం లోపు. మిగిలినదంతా బోర్డులోనే వేడిగా పోతుంది. అదే ప్యాచ్‌ని 1.5 మి.మీ. రోజర్స్ మీద చేస్తే 80 శాతం దగ్గరకి వస్తుంది.

దీనికి ఇంకో ముఖం ఉంది. క్యూ తగ్గితే బ్యాండ్‌విడ్త్ పెరుగుతుంది. కాబట్టి ఎఫ్‌ఆర్4 ప్యాచ్ గ్రాఫులో వెడల్పుగా, అందంగా కనిపిస్తుంది. ఆ వెడల్పులో పెద్ద భాగం నష్టం ఇచ్చిన వెడల్పు. మంచి బోర్డుకి మారగానే బ్యాండ్ ఇరుకైపోయిందని కంగారుపడకండి, ఇప్పుడు కనిపిస్తున్నదే నిజమైన యాంటెన్నా. బ్యాండ్ చాలకపోతే మందం పెంచండి, 3 మి.మీ. బోర్డు వాడండి.

నా సలహా: మొదటి రెండు మూడు బోర్డులు ఎఫ్‌ఆర్4 మీదే చేయండి, పద్ధతి చేతికి రావడానికి. ఆకాశం వైపు పెట్టే చివరి బోర్డుకి మాత్రం డబ్బు పెట్టండి. డివైడర్ ఎఫ్‌ఆర్4 మీదే ఉన్నా ఫర్వాలేదు, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ప్యాచ్ కొలతలు

ఎఫ్‌ఆర్4 మీద చదరపు ప్యాచ్‌కి లెక్క ఇలా నడుస్తుంది. గాలిలో సగం తరంగదైర్ఘ్యం 60.15 మి.మీ. ప్యాచ్ కింద తరంగం కొంత బోర్డులో, కొంత గాలిలో ఉంటుంది కాబట్టి 4.4 బదులు ఎఫెక్టివ్ విలువ 4.01 వస్తుంది. దాని వర్గమూలం 2.003. 60.15ని దాంతో భాగిస్తే 30.03 మి.మీ. అంచుల దగ్గర ఫీల్డు బయటికి పొంగుతుంది, అందువల్ల ప్యాచ్ విద్యుత్‌పరంగా ఒక్కో వైపు 0.735 మి.మీ. పొడవైనట్టు ప్రవర్తిస్తుంది. ఆ రెండూ తీసేస్తే 28.56. కాబట్టి 28.5 మి.మీ. చదరంతో మొదలుపెట్టండి. గ్రౌండ్, అంటే బోర్డు కింది రాగి పొర, 60 మి.మీ. చదరం చాలు.

ఫీడ్ కింది వైపు నుంచి ప్రోబుతో ఇస్తాం, అంటే ఎస్‌ఎంఏ కనెక్టర్ పిన్ను బోర్డులోంచి పైకి వచ్చి ప్యాచ్‌కి తగులుతుంది. ప్యాచ్ మధ్యలో రెసిస్టెన్స్ సున్నా, అంచున ఈ బోర్డు మీద 190 ఓమ్‌ల చుట్టుపక్కల. వృత్తాకార పోలరైజేషన్‌లో రెండు మోడ్‌లు (ప్యాచ్‌లో ఫీల్డు ఊగే రెండు తీరులు) సగం సగం పంచుకుంటాయి కాబట్టి కనెక్టర్ చూసే రెసిస్టెన్స్ మామూలు ప్యాచ్‌లో సగమే. అందువల్ల ప్రోబుని మామూలు కంటే అంచు వైపు జరపాలి. మధ్య నుంచి 7 మి.మీ. కిందికి పెట్టి, సిమ్యులేటర్‌లో అర మి.మీ. చొప్పున అటూ ఇటూ జరిపి చూడండి. ఓపెన్‌ఈఎంఎస్ ఉచితం. హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్, సీఎస్‌టీ విద్యార్థుల వెర్షన్లు కూడా ఈ సైజు సమస్యకి సరిపోతాయి.

మూలలు కోయడం

చదరం అలాగే ఉంటే పోలరైజేషన్ సరళరేఖలో ఉంటుంది. ఎదురెదురు మూలలు రెండు కోస్తే ఆ కర్ణం కొంచెం పొట్టిదవుతుంది, దాని రెజొనెన్స్ (సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) పైకి జరుగుతుంది. రెండు కర్ణాల మోడ్‌ల మధ్య 90 డిగ్రీల ఫేజ్ తేడా రాగానే ఫీల్డు గుండ్రంగా తిరుగుతుంది.

ఎంత కోయాలన్నది క్యూ చెబుతుంది: కోసిన విస్తీర్ణాన్ని మొత్తం విస్తీర్ణంతో భాగించి, క్యూతో గుణిస్తే సగం రావాలి. మన క్యూ 30 కాబట్టి విస్తీర్ణంలో 60వ వంతు కోయాలి. మూల త్రిభుజం భుజం 3.7 మి.మీ. వస్తుంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఎఫ్‌ఆర్4లో కుదిరిన ఈ 3.7నే దామాషాలో పెంచి రోజర్స్ డ్రాయింగులో పెట్టేస్తారు. రోజర్స్‌లో క్యూ దాదాపు రెట్టింపు, కాబట్టి కోయాల్సిన విస్తీర్ణం దాదాపు సగానికి పడిపోతుంది. బోర్డు మారితే మూల కొలత మళ్లీ మొదటి నుంచి లెక్కించాల్సిందే.

ఏ మూలలు? బోర్డుని ప్యాచ్ మీకు కనిపించేలా పట్టుకోండి, ప్రోబు మధ్య బిందువు కింద ఉండాలి. అప్పుడు కుడి పై మూల, ఎడమ కింది మూల కోస్తే కుడి వృత్తాకారం. మిగతా రెండు కోస్తే ఎడమ. తిరగబడితే సిగ్నల్ 20 డీబీ దాకా కూడా పడిపోవచ్చు. ఎస్11లో మాత్రం ఏ తేడా కనిపించదు! డ్రాయింగుని అద్దంలో బొమ్మలా తిప్పి ప్రింటు తీస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. టోనర్ ట్రాన్స్‌ఫర్‌తో బోర్డు చేసేవాళ్లు ఇస్త్రీ పెట్టె వేడి చేసేముందు ఒకసారి ఆగి ఇది చూసుకోండి. మూలకి దగ్గర్లో ఒక అక్షరం రాసిపెడితే బోర్డు మీద అది సరిగ్గా చదవగలిగేలా ఉందో లేదో చూసి నిర్ధారించుకోవచ్చు.

ఇంకా చిన్నది కావాలంటే

మార్గాలు కొన్నే. డైఎలక్ట్రిక్ కాన్‌స్టంట్ పెంచడం ఒకటి. జీపీఎస్ మాడ్యూళ్ల మీద కనిపించే 25 మి.మీ. సిరామిక్ పలకలు చేసేది అదే. కరెంటు నడిచే దారిని పొడిగించడం రెండోది: ప్యాచ్ నాలుగు వైపుల మధ్యలో లోపలికి సన్నని చీలికలు కోస్తే కరెంటు వాటిని చుట్టి వెళ్లాలి, రెజొనెన్స్ కిందికి దిగుతుంది. మళ్లీ ప్యాచ్‌ని కుదిస్తే 2.492కి వస్తుంది. చీలికలు నాలుగూ ఒకే పొడవు ఉండాలి, లేకపోతే వృత్తాకారం దీర్ఘవృత్తమైపోతుంది. ఒక అంచుని గ్రౌండుకి కలిపి సగానికి కోయడం మూడో మార్గం. వైఫైకి అది బాగుంటుంది కానీ వృత్తాకార పోలరైజేషన్ పోతుంది, మనకి పనికిరాదు.

ఫ్రాక్టల్ ఆకారాల మీద చాలా పేపర్లు వస్తాయి. నా అభిప్రాయంలో వాటి లాభంలో ఎక్కువ భాగం ఈ చీలికల వల్ల కూడా వస్తుంది, కొలతలు సవరించుకోవడం చీలికల్లోనే తేలిక. ఏ ఆకారమైనా భౌతికశాస్త్రం గీసిన గీత ఒకటే. యాంటెన్నా పట్టే గోళం తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చిన్నదయ్యేకొద్దీ క్యూ కనీసం ఇంత ఉండి తీరాలని 1948లో ల్యాన్ జెన్ చూ అనే ఇంజినీర్ లెక్క తేల్చాడు. ఆ క్యూకి బోర్డు నష్టం కలిస్తే ఎఫిషియెన్సీ వేగంగా పడిపోతుంది. కాబట్టి ఎఫ్‌ఆర్4 మీద చీలికలు లోతుగా కోసి "సైజు 40 శాతం తగ్గించాం" అని రాసేముందు, గెయిన్ ఎంత పోయిందో పక్కనే రాయండి.

పవర్ డివైడర్

సిగ్నల్‌ని రెండుగా పంచడానికి ఒక తీగని రెండు తీగలకి కలిపేస్తే చాలదు. మ్యాచింగ్ (శక్తి వెనక్కి రాకుండా చూసే పొందిక) పోతుంది, ఒక రిసీవర్ చేసే అల్లరి ఇంకోదానికి పాకుతుంది. ఎర్నెస్ట్ విల్కిన్సన్ 1960లో ప్రచురించిన అమరిక రెండింటినీ తీరుస్తుంది. ఇన్‌పుట్ నుంచి రెండు చేతులు, ఒక్కొక్కటి పావు తరంగదైర్ఘ్యం పొడవు, 70.7 ఓమ్‌లు. చేతుల చివర్ల మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్.

మన ఎఫ్‌ఆర్4 మీద 50 ఓమ్‌ల లైను వెడల్పు 3.06 మి.మీ., 70.7 ఓమ్‌ల లైను 1.6 మి.మీ. పావు తరంగం పొడవు 16.9 మి.మీ. చేతుల్ని గుండ్రంగా వంచితే చివర్లు సహజంగానే దగ్గరకి వస్తాయి, రెసిస్టర్ అక్కడ కూర్చుంటుంది. 0603 చిప్ రెసిస్టర్ సరిపోతుంది. కాళ్లున్న మామూలు రెసిస్టర్ వద్దు, ఈ ఫ్రీక్వెన్సీలో ఆ కాళ్లు ఇండక్టర్లు.

దీన్ని సగానికి తగ్గించవచ్చు. ఇక్కడ ప్యాచ్ కంటే మనకి స్వేచ్ఛ ఎక్కువ, ఎందుకంటే డివైడర్ రేడియేట్ చేయనక్కరలేదు. పావు తరంగం, అంటే 90 డిగ్రీల లైను బదులు, ఎక్కువ ఇంపీడెన్స్ ఉన్న పొట్టి లైను పెట్టి, దాని రెండు చివర్లా గ్రౌండుకి కెపాసిటెన్స్ ఇస్తే ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర రెండూ అచ్చంగా ఒకేలా ప్రవర్తిస్తాయి. 45 డిగ్రీల లైను ఎంచుకుందాం. 70.7ని 45 డిగ్రీల సైన్ విలువ 0.707తో భాగించండి: 100 ఓమ్‌లు. వెడల్పు 0.7 మి.మీ., పొడవు 8.6 మి.మీ. చివర్ల కెపాసిటెన్స్ 0.64 పికోఫారడ్. ఇన్‌పుట్ దగ్గర రెండు చేతులూ కలుస్తాయి కాబట్టి అక్కడ 1.28.

ఇంత చిన్న చిప్ కెపాసిటర్లు దొరుకుతాయి, కానీ 0.1 పికోఫారడ్ తేడా వచ్చినా ఫ్రీక్వెన్సీ జరిగిపోతుంది. దాని బదులు చివర తెరిచి ఉన్న 50 ఓమ్‌ల లైను ముక్కలు వాడండి: అవుట్‌పుట్‌ల దగ్గర 4.9 మి.మీ. చొప్పున, ఇన్‌పుట్ దగ్గర 8.2 మి.మీ. ఒకటి. ఇవి కత్తితో గీకి తగ్గించగలం, అదే వీటి గొప్ప. మొదట అర మి.మీ. ఎక్కువే వదలండి. ఈ కుదింపుతో బ్యాండ్ ఇరుకవుతుంది, కానీ మనకి కావలసిన 16.5 మెగాహెర్ట్జ్ అంటే ఒక శాతం కూడా కాదు. ఇక్కడ బ్యాండ్‌విడ్త్ ఇచ్చి స్థలం కొనుక్కోవడం నిజంగా లాభమైన బేరం.

ఒక హెచ్చరిక: ఆ 100 ఓమ్‌ల రెసిస్టర్‌ని సోల్డర్ చేసేముందే మల్టీమీటర్‌తో చూసుకోండి. బోర్డు మీద కూర్చున్నాక మీటరు సున్నా చూపిస్తుంది, ఎందుకంటే డీసీకి రెండు చేతులూ ఇన్‌పుట్ దగ్గర షార్టే. అది చూసి రెసిస్టర్ పోయిందనుకుని ఊడదీసిన వాళ్లని చూశాను. అలాగే పగిలిన రెసిస్టర్ కూడా మీటరుకి దొరకదు, ఐసొలేషన్ (ఒక అవుట్‌పుట్ సిగ్నల్ ఇంకోదానికి పాకకుండా ఉండటం) కొలిచినప్పుడే బయటపడుతుంది.

కొలవడం

మొదట్లో వచ్చిన నానోవీఎన్‌ఏ (ఎస్11 లాంటివి కొలిచే చిన్న పరికరం) 1.5 గిగాహెర్ట్జ్ దాకానే వెళ్తుంది. 3 గిగాహెర్ట్జ్ దాటే వెర్షన్ తీసుకోండి. 2.3 నుంచి 2.7 గిగాహెర్ట్జ్ మధ్య, కేబుల్ చివర కాలిబ్రేట్ చేయండి.

డివైడర్ కొలిచేటప్పుడు ఖాళీగా ఉన్న మూడో పోర్టుకి తప్పకుండా 50 ఓమ్‌ల టెర్మినేషన్ పెట్టాలి. ఒక్కో అవుట్‌పుట్‌కి మైనస్ 3.01 ఆదర్శం. ఎఫ్‌ఆర్4 మీద మైనస్ 3.2 నుంచి 3.5 వస్తే బాగున్నట్టు. అవుట్‌పుట్‌ల మధ్య ఐసొలేషన్ 20 డీబీ దాటాలి.

ప్యాచ్‌లో గుంట అనుకున్నచోట రాకపోతే ఒక భాగహారం చాలు. ఉదాహరణకి గుంటల మధ్యభాగం 2.44 దగ్గర వచ్చిందనుకోండి, 28.5ని 2.44తో గుణించి 2.492తో భాగిస్తే 27.9 మి.మీ. మీ షీటు అసలు డైఎలక్ట్రిక్ విలువ ఎంతో కూడా దీన్నుంచే తెలుస్తుంది. మొదటి బోర్డుని షీటు కొలిచే పరికరం అనుకోండి.

తర్వాత, కొలుస్తూ కేబుల్‌ని చేత్తో పట్టుకోండి. గ్రాఫు కదిలితే కేబుల్ కూడా యాంటెన్నాలో భాగమైపోయిందన్నమాట. అప్పుడు గ్రౌండు పెంచాలి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ప్రశ్న: ఇది యాంటెన్నానా, రెసిస్టరా? నా మొదటి ఎఫ్‌ఆర్4 ప్యాచ్ మైనస్ 28 డీబీ చూపించింది, రిసీవర్‌కి పెడితే మాత్రం నీరసంగా ఉంది. వంటింట్లో పోపుల డబ్బాలోంచి జీలకర్ర గిన్నె ఖాళీ చేసి తెచ్చి ప్యాచ్ మీద బోర్లించాను, అంచు గ్రౌండుకి గట్టిగా ఆనేలా చుట్టూ రాగి టేపు వేశాను. బయటికి పోయే దారి మూసుకుపోయింది కాబట్టి, మంచి యాంటెన్నా అయితే పంపిన శక్తి దాదాపు అంతా వెనక్కి రావాలి, గుంట పూడిపోవాలి. నా గ్రాఫులో గుంట కాస్త పక్కకి జరిగి, మైనస్ 8 దగ్గర అలాగే నిలబడింది. మూతపెట్టినా శక్తి ఎక్కడికో పోతోంది, అది బోర్డులోకే. ఆ రోజు ఆ గీత చూశాక ఎస్11 ఒక్కటే చూసి ఏ యాంటెన్నానీ మెచ్చుకోలేదు. ఈ పద్ధతి హెరాల్డ్ వీలర్ అనే ఇంజినీర్ 1959లో చెప్పింది. ఖచ్చితమైన అంకె దీంతో రాకపోయినా రెండు బోర్డుల మధ్య పోలికకి ఇంతకంటే చవకైన సాధనం లేదు. గిన్నె వ్యాసం 6 సెం.మీ. లోపుంటే మంచిది, పెద్దదైతే గిన్నే ఒక రెజొనేటర్‌గా మారి లెక్క చెడగొడుతుంది. గ్రౌండు గిన్నె మూతి కంటే పెద్దదిగా ఉండాలి.

పోలరైజేషన్‌కి డాబా మీదికి వెళ్లండి. మొత్తం 57 మి.మీ. పొడవున్న డైపోల్ (మధ్యలో ఫీడ్ ఇచ్చే రెండు తీగల యాంటెన్నా) ఒకటి చేసి, వీఎన్‌ఏ రెండో పోర్టుకి తగిలించి, ప్యాచ్‌కి ఎదురుగా మీటరున్నర దూరంలో పెట్టండి. డైపోల్‌ని గడియారం ముల్లులా నెమ్మదిగా తిప్పుతూ స్థాయి చూడండి. అత్యధికం, అత్యల్పం మధ్య తేడానే యాక్సియల్ రేషియో. 3 డీబీ లోపుంటే బాగుంది. 6 వస్తే మూల కోత సరిపోలేదు, లేదా ఎక్కువైంది. మూలని అర మి.మీ. గీకి మళ్లీ చూడండి. తేడా తగ్గుతుంటే దారి సరైనదే.

రెండింటినీ కలపడం

వరస ముఖ్యం: యాంటెన్నా, వెంటనే ఎల్‌ఎన్‌ఏ (తక్కువ నాయిస్‌తో సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్), ఆ తర్వాత డివైడర్. డివైడర్‌ని ముందు పెడితే దాని 3.3 డీబీ మొత్తం నాయిస్ ఫిగర్‌లో కలుస్తుంది. ఉపగ్రహ సిగ్నల్ నాయిస్ కంటే కింద ఉంటుంది, అంత నష్టం భరించలేం. 25 డీబీ గెయిన్ ఉన్న ఎల్‌ఎన్‌ఏ తర్వాత పెడితే అదే నష్టం దాదాపు లెక్కలోకి రాదు. డివైడర్ ఎఫ్‌ఆర్4 మీద ఉన్నా ఫర్వాలేదన్నది ఇందుకే.

రిసీవర్లు కేబుల్ లోంచే ఎల్‌ఎన్‌ఏకి డీసీ పంపుతాయి. రెండు రిసీవర్లూ పంపితే డివైడర్‌లో ఒకదాని కరెంటు ఇంకోదాంట్లోకి వెళ్తుంది. కాబట్టి ఒక అవుట్‌పుట్‌లో లైను తెంచి 22 నుంచి 100 పికోఫారడ్ మధ్య ఏదో ఒక చిప్ కెపాసిటర్ వరసలో పెట్టండి, రెండోది నేరుగా వెళ్లనివ్వండి. కెపాసిటర్ ఉన్నది ఏ పోర్టో మార్కర్‌తో బోర్డు మీద రాయండి.

చివరిగా వైఫై. దాని బ్యాండ్ 2483.5 దగ్గర ఆగుతుంది, మనది సరిగ్గా అక్కడే మొదలవుతుంది. పక్క గదిలో రౌటర్ ఉంటే ఎల్‌ఎన్‌ఏ దానితోనే నిండిపోయి నావిక్ మునిగిపోతుంది. యాంటెన్నాని డాబా మీద రౌటర్‌కి దూరంగా పెట్టండి. రౌటర్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి, 2.4 ఆపేసి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి రెండు రిసీవర్లలోనూ సిగ్నల్ అంకెలు రాసుకోండి. ఆ రెండు వరసల మధ్య తేడా ఎక్కువగా ఉంటే, యాంటెన్నాకీ ఎల్‌ఎన్‌ఏకీ మధ్య ఎస్ బ్యాండ్ ఫిల్టర్ కొనాల్సిందే.